చేతిలోని పలక

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సినిమా కెమెరాకు టాబ్లెట్‌ను తీగ లేని మానిటరుగా వాడుకొనుటను గూర్చి మాటాడుమని మన కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. అధ్యక్షులవారు ఈ విషయమును ప్రకటించినప్పుడు మీలో కొందఱు నవ్విరి. నవ్వుటకు తగిన కారణమే కలదు. నేను చదివినది చరిత్రయు తెలుగును. చేయుచున్నది ఫైళ్ళ పని. విద్యుత్తును గూర్చి నాకు తెలిసినదెల్ల, బిల్లు కట్టనిచో ఆగిపోవునని మాత్రమే. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకొక అర్హత కలదు. ఆ పరికరమును చేత పట్టుకొనియే నేనొక పెద్ద పొరపాటు చేసితిని. పొరపాటు జరిగినదని మీలో పలువురకు తెలియును. ఎట్లు జరిగినదో తెలిసినవారు కొద్దిమంది. దానిని దాచక చెప్పవలెనని నా కోరిక. ఏలయనగా ఈ సంవత్సరము మన సంఘము తలపెట్టిన పని ఒకటి కలదు. అందు అట్టి పొరపాటు మఱల జరుగరాదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మా ఇంటిలో టాబ్లెట్ అనిన మందుబిళ్ళయే. నేను టాబ్లెట్ కొనవలెనని చెప్పినప్పుడు మా అమ్మగారు "రక్తపోటుకా, చక్కెరకా?" అని అడిగిరి. కావున ఈ పూటకు దీనిని పలక అని పిలుచుకొందము. ఆకారమును బట్టి చూచినను అది పలకయే. ఈ వంగదేశమున సరస్వతీపూజ నాడు పిల్లలచేత పలకపై తొలి అక్షరములు దిద్దించి దానిని హాతేఖొడి అందురు. మనము అక్షరాభ్యాసము అందుము. ఆ పలక గుణము మీ అందఱకు జ్ఞాపకముండును. వ్రాసినది కంటికి చక్కగ కనబడును; తడిగుడ్డ తగిలినచో మాయమగును. ఈ గుణమును మనసున ఉంచుకొనుడు. నేను చెప్పబోవు దానికంతకు ఇదియే ఆధారము.

ఇక కొంత చరిత్ర. ఈ నగరమునకును తెలుగు సినిమాకును గల చుట్టరికము మనలో చాలమంది ఎఱుగరు. 1932లో వెలువడిన 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైనది. ఆ మఱుసటి యేట 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' ఈ కలకత్తాలోనే ఈస్టిండియా ఫిల్ము కంపెనీ పక్షమున తయారైనవి. రెండింటికిని సారథ్యము వహించినవారు చిత్తజల్లు పుల్లయ్యగారు. ఆనాటికి తెలుగునాట స్టూడియో లేదు; రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను వెలసినది 1936లో. కావున మన నటీనటులు ఇంత దూరము వచ్చి, తెలుగు వినబడని ఈ నగరమున తెలుగు పద్యములు పాడిరి. నేడు మన హైదరాబాదు సినిమాకు మనము గర్వముగ చెప్పుకొను 'టాలీవుడ్' అను పేరు సైతము తొలుత ఇచ్చటి టాలీగంజ్‌కు పెట్టినదే. విల్ఫర్డ్ డెమింగ్ అను అమెరికన్ శబ్దగ్రహణ నిపుణుడు 1932లో ఒక సినిమా పత్రికకు వ్రాసిన వ్యాసముతో అది వాడుకలోనికి వచ్చినదందురు.

ఆ దినములలో పుల్లయ్యగారు ఒక దృశ్యము తీసినచో, అది ఎట్లు వచ్చినదో ఆ క్షణమున తెలిసికొను మార్గము లేదు. ఫిల్ము కడిగి, ప్రింటు తీసి, తెరపై వేసికొని చూచినప్పుడే ఫలితము తెలియును. మూడు దశాబ్దముల తరువాత, 1963లో, ఆయనయు ఆయన కుమారులు సి. యస్. రావుగారును అదే 'లవకుశ'ను రంగులలో తీసినప్పటికిని స్థితి ఇదియే. దర్శకుడు కెమెరా ప్రక్కన నిలుచును. కన్ను నటునిపై ఉండును. చట్రములో ఏమి పడినదో కెమెరామను ముఖము చూచి ఊహించుకొనవలెను.

కెమెరామనుకైనను సంపూర్ణముగ తెలియునా యన్నచో, అదియు లేదు. ఆ కాలమున స్టూడియోలలో రాజ్యమేలిన మిచెల్ వంటి కెమెరాలలో, చిత్రీకరణకు ముందు మాత్రమే లెన్సు గుండ చూచు వీలుండెడిది. కెమెరా తిరుగుచున్నంతసేపు ప్రక్కన అమర్చిన వేఱొక కిటికీ గుండ చూడవలెను. 1937లో జర్మనీలో వెలువడిన ఆరిఫ్లెక్సు కెమెరా ఈ కొఱతను తీర్చినది. దాని షట్టరుకు అద్దము అమర్చిరి. షట్టరు మూసికొన్నప్పుడు లెన్సు నుండి వచ్చు వెలుగు ఆ అద్దముపై పడి కంటికి చేరును. షట్టరు తెఱచికొన్నప్పుడు వెలుగు ఫిల్ముపై పడును. ఇందు ఒక విచిత్రమును గమనింపుడు. కెమెరామను చూచునవి ఫిల్ముపై పడని క్షణములు. ఫిల్ముపై పడునవి అతడు చూడని క్షణములు! అవి సెకనుకు 24 పర్యాయములు మాఱుచుండుటచే మనకు తేడా తెలియదు. కాని తత్త్వమున చూచుట వేఱు, నమోదగుట వేఱు. ఈ సంగతి నాకు నలువది యేండ్లు దాటిన పిమ్మట, చేతులు కాలిన తరువాత బోధపడినది.

ఈ నగరపు సత్యజిత్ రాయ్‌గారు ఈ చిక్కును తమదైన పద్ధతిలో పరిష్కరించుకొనిరి. 'చారులత' 1964లో వచ్చినది. ఇంచుమించు ఆ చిత్రము నాటి నుండి ఆయన కెమెరాను తామే నడుపుట ఆరంభించిరి. దృశ్యము సరిగ వచ్చినదా లేదా యను సంగతి ఆ క్షణమున ఎఱుగగలవాడు కెమెరాకు కన్ను ఆనించినవాడు ఒక్కడే. అట్టి స్థానమును ఇతరుల కొసగుటకు ఆయన మనస్సు ఒప్పలేదని నేను అర్థము చేసికొన్నాను. కాని అందఱు దర్శకులు రాయ్‌గారు కాజాలరు. అమెరికాలో జెర్రీ లూయిస్ అను హాస్యనటుడు తానే నటుడు, తానే దర్శకుడు. నటించువాడు కెమెరా వెనుక నిలువలేడు గదా! అందుచే 1960లో 'ది బెల్‌బాయ్' చిత్రమునకు సినిమా కెమెరా ప్రక్కనే ఒక టెలివిజను కెమెరా నిలిపి, దాని బొమ్మను మానిటరుపై చూచుకొనెను. పిమ్మట సినిమా కెమెరా లోపలి వెలుగులోనే కొంత చీల్చి టెలివిజను తెరకు పంపు పద్ధతి వచ్చినది. దర్శకుడు కెమెరా ప్రక్క నుండి తెర యెదుటికి జరిగెను. డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత ఆ మసక బొమ్మ స్థానమున స్వచ్ఛమైన బొమ్మ వచ్చినది. అయినను తీగ మిగిలినది. కెమెరా కదలినచో తీగ ఈడ్చుకొని పోవలెను; దానిని మోయుటకు ఒక మనిషి, దానిపై కాలు వేయకుండ కాపు కాయుటకు మఱొక మనిషి.

2010లో ఐప్యాడ్ బజారునకు వచ్చినది. తేలికైన పెద్ద తెర, రోజంతయు నడుచు బ్యాటరీ, తీగ లేకుండ సమాచారము గ్రహించు శక్తి, మూడును ఒకచోట చేరినవి. సినిమావారు దానిని మానిటరుగ మలచుకొనుటకు ఎంతో కాలము పట్టలేదు. 2011లో ప్రకటితమైన కానన్ సి300 అను సినిమా కెమెరాకు ఒక చిన్న వై-ఫై పరికరము తగిలించినచో, పలకలోని బ్రౌజరులోనే బొమ్మ చూచుచు కొన్ని అమరికలు మార్చుకొను సౌకర్యము ఏర్పడినది. నేడు ఏ కెమెరాకైనను పనికివచ్చు చిన్న ప్రసార పెట్టెలు దొరకుచున్నవి. ఆలస్యము కంటికి తెలియకుండ బొమ్మ పంపు స్టూడియో సరంజామా ఖరీదు లక్షలలో ఉండును. పలకకు బొమ్మ పంపు పెట్టె అందు స్వల్పభాగమునకే వచ్చును. మన వంటి సంఘములకు అందుబాటులోనిది ఇదియే.

అది పని చేయు విధము సులభముగ చెప్పెదను. కెమెరా నుండి హెచ్.డి.ఎం.ఐ. తీగ జానెడు పొడవున ఆ పెట్టెలోనికి పోవును. పెట్టె ఆ బొమ్మను కుదించి, తన సొంత వై-ఫై ద్వారా గాలిలోనికి పంపును. పలక ఆ వై-ఫైకి తగులుకొని, ఒక ఆప్ సాయమున బొమ్మను విప్పి చూపును. కొన్ని పెట్టెలు ఒకేసారి నాలుగు పలకలకు బొమ్మ పంపగలవు. అనగా దర్శకుడు, దీపముల మనిషి, వేషధారణ చూచువారు, సంభాషణలు సరిచూచువారు ఎవరి పలకలో వారు చూచుకొనవచ్చును. సాధారణముగ వాడునది 5 గిగాహెర్ట్జ్ తరంగశ్రేణి. 2018లో మన ప్రభుత్వము ఈ శ్రేణిలో విశాలమైన భాగమును లైసెన్సు అవసరము లేకుండ విడుదల చేసినది. ప్రభుత్వోద్యోగుల సభ కావున ఈ సంగతి ప్రత్యేకించి విన్నవించుచున్నాను.

ఈ పలకకు గల దోషములను కూడ చెప్పవలెను. మొదటిది ఆలస్యము. కుదించుట, పంపుట, విప్పుట అను మూడు పనులకు కొంత కాలము పట్టును. ఆ కాలము సెకనులో పదియవ వంతు అనుకొందము. ఏమంత కాలమని తోచును. కాని సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. పదియవ వంతన్న రెండు మూడు ఫ్రేములు గడచిపోయినవి. నెమ్మదిగ నడచు మనిషి సెకనుకు మీటరు దూరము నడచినచో, పలకలో మనము చూచుసరికి అతడు బెత్తెడు ముందునకు జరిగియుండును. దగ్గఱ నుండి ముఖము తీయునప్పుడు ఆ బెత్తెడు దూరము చాలును, కన్నులు మసకబాఱుటకు. కావున పలకను చూచి ఫోకసు మార్చుట తగదు. ఫోకసు చూచువాని కన్ను కెమెరా తెరపైనో, తీగతో తగిలించిన మానిటరుపైనో ఉండవలెను. పలక చట్రము చూచుకొనుటకు, నటన చూచుకొనుటకు.

రెండవది వెలుగు. ఈ పలకలు గదిలోని వెలుతురును బట్టి తమంత తామే ప్రకాశము మార్చుకొనును; సాయంకాలమైనచో రంగును పసుపు వైపు త్రిప్పును. చదువుకొనువారికి అది హాయి. చిత్రము తీయువారికి మోసము. పలకలో బొమ్మ నల్లబడినదని కెమెరాలో వెలుగు పెంచినచో అసలు చిత్రము తెల్లబడి పాడగును. ఈ అమరికలన్నియు ముందే ఆపివేయవలెను. అప్పటికిని కంటిని నమ్మక, వెలుగును గీతలుగను రంగులుగను కొలిచి చూపు సాధనములు ఆప్‌లో ఉన్నచో వానిని నమ్మవలెను.

మూడవది జనము. ఇది మాకు అనుభవమున తెలిసినది. ఖాళీ హాలులో పరీక్షించినప్పుడు బొమ్మ చివరి వరుస నుండి వేదిక వఱకు చక్కగ వచ్చినది. జనము నిండిన తరువాత ముక్కలు ముక్కలుగ విఱిగిపోయినది. మానవశరీరమున అధికభాగము నీరు. నీరు ఈ తరంగములను మ్రింగును. కెమెరాపై పెట్టెను కూర్చున్నవారి తలల కన్న ఎత్తున నిలిపినంతనే మఱల కుదుటబడినది. నాలుగవ చిక్కు చిన్నదే కాని చికాకు పెట్టును. పెట్టె వై-ఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది గమనించిన పలక, తనకు పరిచయమున్న వేఱొక వై-ఫైకి చెప్పకుండ దాటిపోవును. మన ఆఫీసులో ఫోను తీయుటకని లేచి వేఱొక బల్ల వద్ద కూర్చుండిపోవు మిత్రులు మీకు జ్ఞాపకము రావచ్చును. పలకలో ఇతర వై-ఫైలను మఱపించుట దీనికి మందు.

ఇవన్నియు నేను ముందే చదివి తెలిసికొంటిని. అయిదవ దోషమును మాత్రము ఎవరును నాకు చెప్పలేదు. అది పలక దోషము కాదు. దానిని చూచువాని దోషము.

మూడేండ్ల క్రిందట, సరస్వతీపూజ వెళ్ళిన ఆదివారము, దక్షిణ కలకత్తాలోని ఒక హాలులో మన సంఘ పక్షమున పద్యనాటక ఘట్టములు ఏర్పాటు చేసితిమి. రైల్వేలో పని చేసి విరమించి, డెబ్బది యెనిమిదేండ్ల వయస్సున ఉన్న ఒక పెద్దలు ఆనాడు తిరుపతి వేంకట కవుల నాటకము నుండి కృష్ణరాయబారము చేసిరి. వారి పేరు చెప్పను. మీలో చాలమంది వారిని మాష్టారు అని పిలిచెడివారు. వేషము లేదు; పంచె, కండువా మాత్రమే. ప్రక్కన హార్మోనియము. ఆ వయస్సున అది వారి చివరి ప్రదర్శనమని వారికిని తెలియును, మాకును తెలియును. అందుకనియే మంచి సినిమా కెమెరా ఒకటి అడిగి తెచ్చితిమి. మన సహోద్యోగి కుమారుడు, ఇరువదేండ్ల యువకుడు, దానిని నడిపెను. ధ్వనియు సూటిగ కెమెరాలోనికే పోవునట్లు అమర్చెను. పలకను నా చేతికిచ్చి, "బాబాయిగారూ, మీరు మూడో వరసలో కూర్చోండి. బొమ్మ వంకరగా ఉన్నా, మాష్టారు పక్కకి జరిగినా చెయ్యెత్తండి, చాలు" అనెను.

నేను ఒక ఉపకారము కూడ చేసితిని. మైకు తీసికొని, "కెమెరా ఉన్నది గదా, దయచేసి ఎవరును ఫోనులు ఎత్తవద్దు, వెనుకవారికి అడ్డము" అని ప్రకటించితిని. అందఱు మర్యాదగ ఫోనులు జేబులలో పెట్టుకొనిరి.

విరామమునకు ముందు గంటసేపు అంతయు సవ్యముగ జరిగినది. విరామమున యువకుడు కార్డు మార్చి, మీట నొక్కి, మైకు తీగ వదులైనదని వేదిక ప్రక్కకు పరుగెత్తెను. ఆ కార్డు ఏ కారణము చేతనో కెమెరాకు సరిపడలేదు. ఆ సంగతిని కెమెరా తన వెనుకనున్న చిన్న తెరపై వ్రాసి చూపినది. ఆ చిన్న తెర యెదుట ఎవరును లేరు. నా పలకలో ఆ వ్రాత లేదు. ఏలయనగా పలకకు పోవు బొమ్మపై అంకెలు, గుర్తులు అడ్డుపడకుండ వానిని తీసివేయుమని యువకునికి చెప్పినది నేనే. నమోదగుచున్నప్పుడు కనబడు ఎఱ్ఱచుక్క కూడ వానితో పోయినది. నమోదైనను, కాకున్నను, నా పలకలోని బొమ్మ ఒక్కటే.

మాష్టారు రాయబారమునకు లేచిరి. నేను పలకలో చూచుచుంటిని. పద్యము చెవికి ముందు వచ్చుచుండెను. పెదవి కదలుట పలకలో ఒక్క రవ్వ వెనుక వచ్చుచుండెను. వారు చేయి ఎత్తినచో వేదికపై ముందెత్తిరి, నా ఒడిలో తరువాత ఎత్తిరి. ముఖము చట్రము నడుమ ఎంత చక్కగ నిలిచినదో! నా జన్మలో అంత శ్రద్ధగ ఏ ఫైలును చూడలేదు. ముప్పది యైదు నిమిషములు అట్లు చూచితిని. ఒక్కసారియైనను వెనుకకు తిరిగి కెమెరా వైపు చూడలేదు. చూడవలసిన అవసరమేమి? బొమ్మ నా చేతిలోనే ఉన్నది గదా!

ఆ రాత్రి పదకొండు గంటలకు యువకుడు ఫోను చేసెను. వాని నోట మాట రాలేదు. రెండవ కార్డులో ఏమియు లేదు.

మఱునాడు ఆఫీసునకు సెలవు పెట్టి, వానిని వెంటబెట్టుకొని దమ్‌దమ్‌లోని మాష్టారి యింటికి పోతిని. సంగతి చెప్పితిని. వారు కొంతసేపు ఊరకుండి, "పోనీలే నాయనా. పద్యం గాలిలోది, గాలికే పోయింది. కుర్రాణ్ణి ఏమీ అనకు" అనిరి. ఆ మాట విని యువకుడు ఏడ్చెను. పది దినముల తరువాత వారి గదిలోనే మఱల కెమెరా పెట్టితిమి. వారు మా కొఱకు పాడిరి. పద్యములన్నియు వచ్చినవి; అక్షరము పొల్లు పోలేదు. కాని యెదుట రెండు వందల మంది లేరు. సభ చప్పట్లు కొట్టినప్పుడు లేచు ఆ గొంతు ఆ గదిలో లేవలేదు. ఆ వర్షాకాలమున వారు కుమార్తె వద్దకు పశ్చిమ గోదావరి జిల్లాకు పోయిరి. శీతాకాలమున కబురు వచ్చినది.

తరువాత కొన్నాళ్ళకు వారి మనుమరాలు నాకు వ్రాసినది. ఆమె దూరదేశమున చదువుకొనుచు ఆనాడు రాలేకపోయినది. "సభలో తాతగారు చేసిన రాయబారం పంపగలరా? ఇంట్లో తీసినది నా దగ్గరుంది, సభలోది కావాలి" అని అడిగినది. ప్రభుత్వ సేవలో నేను కొన్ని వేల జవాబులు వ్రాసియుందును. ఆ యొక్క జవాబు వ్రాయుటకు నాకు నాలుగు దినములు పట్టినది.

ఒక్క సంగతి మిగిలినది. ఆనాడు ముందు వరుసలో కూర్చున్న ఒక చిన్నపిల్ల నా ప్రకటనను లెక్క చేయక, తల్లి ఫోనుతో 40 సెకనులు తీసినది. బొమ్మ వణకుచున్నది; సగము చట్రములో మైకు స్తంభమే ఉన్నది. అయినను ఆ గొంతు ఉన్నది, చివర చప్పట్లు ఉన్నవి. మనుమరాలికి మేము పంపగలిగినది అదియే. మా ఖరీదైన కెమెరా, పెట్టె, పలక, నా శ్రద్ధ, ఇవన్నియు కలిసి చేయలేని పనిని మాట వినని ఆ పిల్ల చేసినది.

మిత్రులారా, నేను పలకను నిందించుటకు ఇచ్చటికి రాలేదు. అది తన పనిని లోపము లేకుండ చేసినది. కెమెరా ఏమి చూచుచున్నదో నాకు చూపినది. దాచుదునని నాకు మాట ఇవ్వలేదు. దాచుట పుస్తకము పని. చిన్ననాడు పంతులుగారు పలకపై దిద్దించి, సరిగ వచ్చిన తరువాతనే పుస్తకములో ఎక్కించుమనెడివారు. ఎక్కినదో లేదో తాము పుస్తకము తెఱచి చూచెడివారు. నేను పలక చూచి పుస్తకము నిండినదనుకొంటిని.

ఇంకొక మాట. పూర్వము చట్రము ఒక్కరికే కనబడెడిది. బాధ్యతయు ఆ యొక్కరిదే. నేడు నలుగురకు కనబడును. నలుగురు చూచుచున్నారు గదా యని ఎవరికి వారు నిశ్చింతగ ఉందురు. ఇది మనకు తెలియని విషయము కాదు. ఒక ఫైలుపై ఏడుగురు సంతకములు చేసిన పిమ్మట అసలు కాగితము అందు లేదని తెలిసిన సందర్భములు మనలో ఎవరికి అనుభవములో లేవు? ప్రతివాడును పైవాడు చూచునని, లేక క్రిందివాడు చూచియుండునని తలచును. చూచువారు పెరిగినకొలది, ఎవరు ఏమి చూడవలెనో ముందుగ వ్రాసికొనుట అవసరము.

ఈ సంవత్సరము మన సంఘము ఈ నగరమునను, ఖరగ్‌పూరు రైల్వే కుటుంబములలోను ఉన్న మన వృద్ధుల పద్యములు, పెండ్లిపాటలు, మంగళహారతులు, వారు ఈ వంగదేశమునకు వచ్చిన కథలు చిత్రించి భద్రపఱచ దలచినది. నాలుగు పలకలు మన సభ్యులే ఇత్తుమనిరి. ఈ పనికి నా మనవి ఇది. కెమెరా వద్ద ఒకరు కదలక నిలువవలెను; వేదికకు నిప్పంటుకొన్నను మైకు తీగ మఱొకరే చూడవలెను. పలకకు పోవు బొమ్మపై గుర్తులన్నియు ఉండనిండు. అందము తగ్గినను ఎఱ్ఱచుక్క కనబడవలెను. కార్డులన్నియు ముందు దినమే ఆ కెమెరాలోనే సిద్ధము చేసి, ఒక్క నిమిషము తీసి, మఱల వేసి చూడవలెను. కార్డు మార్చిన ప్రతిసారియు కాలము నడుచుచున్నదని కెమెరా తెరపై చూచి, గంట, నిమిషము కాగితముపై వ్రాసి సంతకము చేయవలెను. ధ్వనిని వేఱొక యంత్రములో కూడ పట్టవలెను. ఇల్లు విడుచుటకు ముందు కార్డులోనిది రెండు చోట్ల నకలు తీసి, మొదలు, నడుమ, చివర తెఱచి చూడవలెను. ఇక ముందు వరుసలో పిల్లలెవరైన ఫోను ఎత్తినచో వారిని వారింపవలదు.

ఆ యువకుడే ఈ పర్యాయమును కెమెరా నడుపుటకు ఒప్పుకొనెను. ఇది నాకు మిక్కిలి సంతోషము. కాగితము పట్టుకొని కాలము వ్రాయు ఉద్యోగమును నేను కోరి తీసికొంటిని. నా అనుభవమునకు అది తగిన పని. పలక పట్టుకొను ఉద్యోగము మాత్రము ఖాళీగ ఉన్నది. ఉత్సాహవంతులు సభానంతరము కార్యదర్శిగారి వద్ద పేర్లు ఇయ్యగలరు. ఒక్క నియమము. పది నిమిషములకొకసారి పలక నుండి తల ఎత్తి, వెనుకకు తిరిగి, కెమెరాను చూడవలెను.